పాత కంప్యూటర్ వేడెక్కితే దోషం వయసుది కాదు

విశాఖపట్నంలో మార్చి దాటిందంటే పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల మీద ఒకే రకం ఫిర్యాదు వినిపిస్తుంది. పని మధ్యలో దానంతటది ఆగిపోతోందనీ, ఫ్యాను హోరుకు పక్క గదిలో కూడా నిద్ర పట్టడం లేదనీ, క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటోందనీ చెబుతారు. దీనికి దొరికే సలహాలు కూడా దాదాపు ఎప్పుడూ అవే మూడు. గదికి ఏసీ పెట్టించమని ఒకరు, పక్క తలుపు ఊడదీసి టేబుల్ ఫ్యాను తిప్పమని ఒకరు, దాని రోజులు అయిపోయాయి కాబట్టి కొత్తది కొనెయ్యమని ఇంకొకరు. ఈ మూడింటిలో మొదటి రెండూ అసలు జబ్బును కప్పిపుచ్చేవని, మూడోది చాలా సందర్భాల్లో అక్కర్లేని ఖర్చని నా వాదన. పాత కంప్యూటర్ ఎక్కువ వేడి పుట్టించడం లేదు. పుట్టిన వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. దారి తెరిస్తే చాలామటుకు గొడవ తీరిపోతుంది. దారి తెరవకుండా చేసే ఏ ఉపాయమైనా రోజులు నెట్టుకురావడానికే పనికొస్తుంది.

ఈ మాట ఇప్పుడు గట్టిగా చెప్పవలసి రావడానికి ఒక కారణం ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఏమో ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందరి ప్రాసెసర్లను, ఏవో కొద్ది మినహాయింపులు తప్ప, అధికారికంగా ఒప్పుకోదు. దానితో ఇళ్లలోనూ, ట్యూషన్ సెంటర్లలోనూ, చిన్న ఆడిటర్ల ఆఫీసుల్లోనూ ఉన్న పాత యంత్రాల మీద అప్పటికే ఉన్న అనుమానం మరింత పెరిగింది. అలాంటి సమయంలో అది ఒక మధ్యాహ్నం వేడెక్కి ఆగిపోతే, ఉంచాలా తీసెయ్యాలా అని ఊగిసలాడుతున్న మనిషికి అదే ఆఖరి సాక్ష్యంగా కనిపిస్తుంది. విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుని ఇంకా కొన్నేళ్లు హాయిగా వాడుకోదగ్గ యంత్రాలు, ఒక బ్రష్షూ ప్రాసెసర్‌కు పూసే ఒక చిన్న థర్మల్ పేస్టు గొట్టమూ ఉంటే బతికేవి, పాత సామాన్ల బండి ఎక్కుతున్నాయి.

నా బల్ల కింద ఉన్నది 2011లో మార్కెట్‌కి వచ్చిన కోర్ ఐ5-2400. పూర్తి పనిలో అది వెలువరించే వేడికి ఇంటెల్ చెప్పిన లెక్క 95 వాట్లు. పెట్టె తెరిచిన రోజున ఎంత కరెంటు తాగి ఎంత వేడి పుట్టించిందో, అదే పనికి ఇప్పుడూ దాదాపు అంతే పుట్టిస్తుంది. చిప్పులో వయసుతో వచ్చే మార్పులు లేకపోలేదు గానీ, యాభై డిగ్రీలున్నచోట తొంభై చూపించేటంతటివి కావు. మరి అదే చిప్పు అప్పుడు చల్లగా ఉండి ఇప్పుడు ఉడికిపోతుంటే, మార్పు చిప్పులో వెతకడం కంటే చిప్పుకీ గదిలోని గాలికీ మధ్య వెతకడం న్యాయం.

ఆ మధ్య ఉన్న దారి పొడవు జానెడే, కానీ అందులో మజిలీలు చాలా ఉన్నాయి. సిలికాన్ ముక్కలో పుట్టిన వేడి ముందుగా దాని మీదున్న లోహపు మూతలోకి వస్తుంది. మూతకీ, దాని మీద కూర్చునే రెక్కల లోహపు దిమ్మ (హీట్‌సింక్) అడుగుకీ మధ్య కంటికి కనిపించని ఎగుడుదిగుళ్లుంటాయి. వాటిని థర్మల్ పేస్టు పూడుస్తుంది. వేడిని మోసే శక్తిలో గాలి విలువ 0.026 అయితే, మామూలు తెల్ల పేస్టుది ఒకటికి అటూ ఇటూ, మంచి పేస్టుది నాలుగు నుంచి ఎనిమిది వరకూ, అల్యూమినియంది 200 పైచిలుకు, రాగిది 400 దాకా ఉంటుంది. ఈ అంకెలు చూస్తే రెండు విషయాలు తెలుస్తాయి. పేస్టు ఎండి పగిలి ఆ సందులో గాలి చేరితే ఎంత అనర్థమో ఒకటి. పేస్టు కూడా లోహంతో పోలిస్తే పేదదే కాబట్టి దాన్ని దట్టంగా పులమకూడదన్నది రెండోది. హీట్‌సింక్ రెక్కల్లోకి పాకిన వేడిని ఫ్యాను గాలి ఎత్తుకుంటుంది. ఆ గాలి క్యాబినెట్‌లో పడుతుంది. క్యాబినెట్ వెనక ఫ్యానూ, పవర్ సప్లై ఫ్యానూ దాన్ని గదిలోకి తోస్తాయి. వీటిలో ఏ ఒక్క చోట అడ్డం పడినా వెనకున్నదంతా కాగుతుంది.

అందుకే వేడి కొలిచేటప్పుడు తెర మీద కనిపించే డిగ్రీలను మాత్రమే చూడడం తప్పుదారి పట్టిస్తుంది. గాలితో చల్లబరిచే ఏ యంత్రమూ గదికంటే చల్లగా ఉండలేదు. గది వేడి మీద అది ఎంత ఎక్కువ ఉందన్నదే దాని ఆరోగ్యాన్ని చెబుతుంది. పూర్తి పనిలో ప్రాసెసర్ 75 చూపిస్తోందంటే, మే నెల మధ్యాహ్నం 35 డిగ్రీల గదిలో అది మంచి సంగతి. సంక్రాంతి రోజుల్లో 22 డిగ్రీల తెల్లవారుజామున అయితే జబ్బుకు మొదటి సూచన. గోడకు ఒక మామూలు థర్మామీటరు పెట్టుకోవాలి. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూమానిటర్ లేదా కోర్ టెంప్ అనే ప్రోగ్రామో, లినక్స్‌లో సెన్సర్స్ ఆదేశమో వాడి, పని లేనప్పుడూ పూర్తి పనిలోనూ వచ్చే అంకెల్లోంచి గది వేడిని తీసెయ్యాలి. నా యంత్రం శుభ్రం చెయ్యక ముందు, గది 32 డిగ్రీలున్నప్పుడు, ఖాళీగా 58, పూర్తి పనిలో 93 చూపించింది. అంటే గది మీద 61 డిగ్రీలు ఎక్కువ. ఈ 61 అన్న అంకెను గుర్తుపెట్టుకోమని మనవి, ఏసీ సంగతికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇక్కడ మన ఊరి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కంప్యూటర్ దుమ్ము గురించి రాసేవాళ్లు సాధారణంగా పొడి దుమ్మునే మనసులో పెట్టుకుని రాస్తారు: బ్లోయర్ పెట్టి ఊదితే లేచిపోయే దుమ్ము. లాసన్స్ బే నుంచి రుషికొండ దాకా సముద్రానికి ఎదురుగా ఉన్న ఇళ్లలో అలాంటి దుమ్ము దొరకడం అరుదు. కెరటాలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలిలోనే ఆరి ఉప్పు రేణువులై, కిటికీ ఇనుప చువ్వల్ని తిన్నట్టే కంప్యూటర్‌లోకీ చేరుతుంది. మామూలు ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది ఆ తేమను లాక్కుని తనే కరిగి నీరవుతుంది. మన ఊళ్లో ఏడాదిలో చాలా నెలలు రాత్రిళ్లు తేమ ఆ గీత దాటే ఉంటుంది. కంప్యూటర్ ఆపేసిన రాత్రి హీట్‌సింక్ మీది ఉప్పు చెమ్మగిల్లుతుంది, ఆ చెమ్మలో దుమ్మూ బట్టల నూలుపోగులూ అంటుకుంటాయి. మర్నాడు యంత్రం వేడికి అది ఎండి గట్టిపడుతుంది. రాత్రికి మళ్లీ తడుస్తుంది. ఇలా పొర మీద పొర పేరుకుంటుంది. అలా కట్టిన పొర ఊదితే పోదు. రేవు వైపు పాత ఇళ్లలో విప్పిన యంత్రాల్లో దుమ్ము నల్లగా, మెత్తగా ఉండి వేళ్లకు మసిలా అంటుకోవడం చూశాను. అక్కడ ఉప్పు పాలు తక్కువే గానీ రెక్కల సందులు మూసుకుపోవడం మాత్రం ఇక్కడిలాగే.

ఈ పొర ఎక్కడ కడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. హీట్‌సింక్ ఫ్యాను పైనుంచి గాలిని కిందికి, రెక్కల సందుల్లోకి నెడుతుంది. రెక్కల మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లు. గాలితో వచ్చిన నూలుపోగులు ఆ సందుల మూతి దగ్గరే, అంటే ఫ్యాను అడుగుకీ రెక్కల పైఅంచుకీ మధ్య ఆగిపోతాయి. పైనుంచి చూస్తే ఫ్యాను రెక్కల మీద కాస్త బూడిదరంగు దుమ్ము తప్ప ఏమీ కనిపించదు. ఫ్యానును పట్టి ఉంచే క్లిప్పులు వదులు చేసి పైకెత్తి చూస్తే కింద గొంగళి ముక్క పరిచినట్టు ఒక బూడిదరంగు పలక ఉంటుంది. గోటితో ఒక అంచు లేపితే ఆ పలక పలకంతా ఒక్కటిగా ఊడి చేతికొస్తుంది, దాని అడుగున హీట్‌సింక్ రెక్కల గీతలు వరసగా అచ్చుపడి ఉంటాయి. ఫ్యాను ఇన్నాళ్లూ తిరిగింది ఆ పలక మీదే, రెక్కల్లోకి గాలి పోయింది చాలా తక్కువ.

ద్వారకానగర్‌లో ఒక దుకాణానికి యంత్రాన్ని తీసుకెళ్లినప్పుడు జరిగిన సంభాషణకు మూలం ఇదే. అక్కడి కుర్రాడు పక్క తలుపు తీసి, ఆన్ చేసి, ఒక్క నిమిషం చూసి, "మోడల్ పాతదైపోయింది సార్, వేడెక్కక ఏటి చేస్తాది మరి" అన్నాడు. ఫ్యాను కింద ఒకసారి చూడు బాబూ అంటే, "ఫ్యాను తిరుగుతుంది కదండీ, ఇంకేటి చూడాల" అని నా వైపు జాలిగా చూశాడు. అతన్ని తప్పుపట్టను, రోజుకు ఎన్నో యంత్రాలు చూసేవాడికి హీట్‌సింక్ విప్పి తోమి పేస్టు వేసే గంట పనికి గిట్టుబాటయ్యే కూలి ఎవరూ ఇవ్వరు, కొత్త మదర్‌బోర్డు అమ్మితే వచ్చే లాభం మాత్రం కళ్లెదుట కనిపిస్తుంటుంది. కానీ ఫ్యాను తిరగడం వేరు, గాలి ఆడడం వేరు. ఈ రెంటికీ తేడా చూడకపోవడం వల్లే ఇన్ని మంచి యంత్రాలకు అకాల మరణం.

తేడా కనిపించకపోవడానికి ప్రాసెసర్ల తెలివి కూడా కొంత కారణం. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్లు నడుస్తున్న ప్రాసెసర్ల మీంచి హీట్‌సింక్ ఊడదీసి చూపిన వీడియో ఆ రోజుల్లో సంచలనం: ఏఎమ్‌డీ అథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కి చచ్చిపోగా, పెంటియం 4 తన వేగాన్ని తనే తగ్గించుకుని బతికిపోయింది. ఇప్పుడు అన్ని ప్రాసెసర్లకూ ఆ రక్షణ ఉంది. వంద డిగ్రీల దగ్గరకు వస్తే చిప్పు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ ఆగకుండా ఇంకా పైకి పోతే బోర్డుకు చెప్పి కరెంటు కట్ చేయిస్తుంది. దానివల్ల చిప్పు కాలిపోవడమన్నది దాదాపు లేకుండా పోయింది, చాలా మంచిది. కాకపోతే వేడి సమస్య వేడిగా కాక నెమ్మదితనంగా బయటపడడం మొదలైంది. మనిషి "కంప్యూటర్ స్లో అయిపోయింది" అంటాడు. రామ్ పెంచుతాడు, ఎస్ఎస్‌డీ వేయిస్తాడు, విండోస్ తిరగేసి ఎక్కిస్తాడు. 3.1 గిగాహెర్ట్జ్‌తో నడవాల్సిన చిప్పు సగం వేగంతో కుంటుతున్న సంగతి ఎవరూ చూడరు.

ఇప్పుడు ఏసీ. నా 61 డిగ్రీల తేడాను అలాగే ఉంచి గదిని 32 నుంచి 25కి దించితే ప్రాసెసర్ 93 నుంచి 86కి దిగుతుంది, అంతే. వంద వాట్లు కూడా పుట్టించని ఒక చిప్పును ఏడు డిగ్రీలు దించడానికి వెయ్యి వాట్లకు పైగా తాగే యంత్రాన్ని నడపడం ఏ లెక్కన చూసినా వివేకం అనిపించుకోదు. మనుషులకు కావాలంటే ఏసీ వేసుకోవచ్చు, దానిలో కంప్యూటర్ ఒక మూల కూర్చుంటే అభ్యంతరం లేదు. అయితే మన ఊరి ఏసీ గదికి ఒక చిక్కు ఉంది. 32 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలి దాదాపు 26 డిగ్రీల చల్లదనం తగలగానే నీరు దించుతుంది. ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్లజోడు మసకబారేది అందుకే. రాత్రంతా 22 డిగ్రీల్లో, ఆపేసి ఉన్న కంప్యూటర్ మీదికి పొద్దున్నే తలుపులూ కిటికీలూ బార్లా తీసి సముద్రపు గాలిని వదిలితే, దాని లోహపు భాగాల మీదా అదే జరుగుతుంది. అప్పటికే ఉప్పు పొర కట్టి ఉన్న బోర్డు మీద ఆ చెమ్మ ఏం చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. నడుస్తున్న యంత్రం గదికంటే వేడిగా ఉంటుంది కాబట్టి దానికి ఈ బెడద లేదు. ఆపినదానికే. అలాంటి గదుల్లో కిటికీలు తీశాక అరగంట ఆగి ఆన్ చెయ్యడం మంచిది.

పక్క తలుపు ఊడదీసి టేబుల్ ఫ్యాను పెట్టే పద్ధతి మీద నాకు ఇంకొంచెం కోపం ఎక్కువ, ఎందుకంటే అది పనిచేస్తుంది. పెట్టిన వెంటనే పది డిగ్రీలు దిగుతుంది, యజమాని ఊపిరి పీల్చుకుంటాడు, ఆ తలుపు ఇక ఎప్పటికీ మంచం కిందే ఉండిపోతుంది. క్యాబినెట్‌ను ముందు కింద నుంచి గాలి వచ్చి, వెనక పైనుంచి పోయేటట్టు గీశారు. వచ్చే దారిలో హార్డ్‌డిస్కూ, ప్రాసెసర్ పక్కన కరెంటు సరఫరా చేసే భాగాలూ ఉంటాయి. తలుపు తీస్తే ఆ వరస చెదిరి, ప్రాసెసర్ చల్లబడినా మిగతావాటికి గాలి సరిగా ఆడకపోవచ్చు. ఇది చిన్న నష్టం. పెద్ద నష్టం ఏమిటంటే, గదిలోని ఉప్పుగాలిని వడపోత లేకుండా, ఒక ఫ్యాను శక్తినంతా పెట్టి, బోర్డు మీదికి కొడుతున్నాం. ఏ పొర వల్ల వేడెక్కిందో ఆ పొరనే రెట్టింపు వేగంతో కట్టిస్తున్నాం. రెండు వేసవులు ఇలా తెరిచి ఉంచిన యంత్రంలో రామ్ గుచ్చే చోట బంగారు రంగు పూత మీద ఆకుపచ్చ మచ్చలు కనిపించాయి. పూత కింది రాగి తుప్పు పడితే వచ్చే రంగు అది. అప్పుడు ఆ యంత్రం వేడెక్కడం మానేసి, అసలు ఆన్ అవ్వడమే మానేసింది. ఇళ్లలో బల్లులు తిరిగే సంగతి కూడా తెలిసిందే; తెరిచిన క్యాబినెట్‌లో అవి వెచ్చదనానికి చేరి బోర్డుల్ని షార్ట్ చెయ్యడం మన వైపు రిపేరువాళ్లందరికీ అనుభవమే.

దీనికి చుట్టమే అదనపు ఫ్యాన్లు బిగించే మోజు. ఒక వెనక ఫ్యాను లేకపోతే తప్పకుండా పెట్టాలి, అది పెద్ద ఖర్చూ కాదు. ఆ తర్వాత పెట్టే ఒక్కో ఫ్యానూ ఇచ్చే లాభం తగ్గుతూ, తెచ్చే దుమ్ము పెరుగుతూ పోతుంది. బయటికి తోసే ఫ్యాన్లే ఎక్కువైతే లోపలి గాలి పలచబడి, ప్రతి సందులోంచీ, సీడీ డ్రైవు మూతిలోంచి కూడా, వడపోత లేని గాలి లోపలికి జొరబడుతుంది. ముందు వైపు ఒకటి లోపలికి, దాని ముందు ఉతుక్కోవడానికి వీలైన సన్నని జాలీ, వెనక ఒకటి బయటికి: మన ఊరికి ఇంతకు మించి అక్కర్లేదు. నా మాటకు విలువ ఇస్తే ఫ్యాన్లకు పెట్టే డబ్బు జాలీకి పెట్టండి.

శుభ్రం చెయ్యడంలో ఊదడాన్ని నేను చివరికి నెడతాను, కారణం పైన చెప్పిందే. ముందు ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి చేత్తో తాకి మొదలుపెట్టాలి. పాత ఇంటెల్ బోర్డుల మీద కంపెనీ కూలర్‌ను (ఫ్యానూ హీట్‌సింకూ కలిసినది) నాలుగు ప్లాస్టిక్ గుంజలు పట్టుకుని ఉంటాయి. వాటి తలల మీద బాణం గుర్తు ఉంటుంది. బాణం వైపు తిప్పితే విడుదలవుతాయి. ప్లగ్గు పీకే ముందే కంప్యూటర్‌ను ఓ పది నిమిషాలు నడిపితే గట్టిపడిన పేస్టు మెత్తబడి కూలర్ తేలిగ్గా వస్తుంది. పాత ఏఎమ్‌డీ యంత్రాలకైతే ఇది తప్పనిసరి. చల్లగా ఉన్నప్పుడు నిలువుగా పీకితే పేస్టు పట్టుకు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి, కాళ్లు వంకరపోతాయి. కొద్దిగా కుడికీ ఎడమకీ తిప్పుతూ లేపాలి. ఫ్యాను విడదీశాక మిగిలిన అల్యూమినియం దిమ్మను కుళాయి కింద పెట్టి, సబ్బునీళ్లతో, పాత టూత్‌బ్రష్షుతో తోమి ఎండలో ఆరబెట్టవచ్చు. కంప్యూటర్ సామాను నీళ్లలో పెట్టడమా అని భయపడతారు గానీ అది ఒట్టి లోహం. ఉప్పును కరిగించేది నీళ్లే, గాలి కాదు. పూర్తిగా ఆరిందాకా బిగించకూడదు, అంతే జాగ్రత్త. ఫ్యానును మాత్రం తడిపొడి గుడ్డతో తుడవాలి. బోర్డు మీద మెత్తని పెయింటింగ్ బ్రష్షుతో దులిపి, అప్పుడు బ్లోయర్ వాడితే సరిపోతుంది. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్లను వేలితో పట్టుకోవాలి. గాలికి గిర్రున తిరిగితే వాటి బేరింగులు పాడవుతాయి.

పాత పేస్టు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. కరోనా నాటి శానిటైజర్ మిగిలింది కదా అని దానితో తుడవకండి. అందులో చేతులకోసం కలిపిన గ్లిజరిన్ మూత మీద జిడ్డుగా నిలిచిపోతుంది. కొత్త పేస్టు నడిమధ్యన బఠాణీ గింజంత పెడితే చాలు, కూలర్ ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. ఇక బిగించడం దగ్గరే చాలామంది పని చెడేది. గుంజల తలలను బాణానికి ఎదురు వైపు తిప్పి మొదటి స్థితిలో ఉంచి, ఎదురెదురు మూలలుగా, ఒక్కోదాన్ని టక్‌మనేదాకా నొక్కాలి. శబ్దాన్ని నమ్మకుండా, బోర్డు వెనక చూడగలిగితే నాలుగు చోట్లా నల్లటి మేకులు తెల్లటి గుంజల మధ్యలోంచి బయటికి వచ్చాయో లేదో చూసుకోవాలి. ఒక్క మూల లేచి ఉన్నా, ఎంత ఖరీదైన పేస్టు వేసినా, వేడి అలాగే ఉంటుంది, మనమేమో పేస్టును తిట్టుకుంటాం. ఇంత చేశాక, అదే 32 డిగ్రీల గదిలో, నా యంత్రం ఖాళీగా 41, పూర్తి పనిలో 70 చూపించింది. తేడా 61 నుంచి 38కి దిగింది. పేస్టు ఖర్చు కొన్ని వందల రూపాయలు.

ప్రాసెసర్ బాగుపడినంత మాత్రాన అంతా బాగుపడినట్టు కాదు. మన దుకాణాల్లో ఎస్ఎంపీఎస్ అని పిలిచే పవర్ సప్లై పెట్టెలోనూ ఇదే దుమ్ము ఉంటుంది, కానీ దాన్ని విప్పమని ఎవరికీ చెప్పను. 230 వోల్టుల కరెంటు అందులో 320 వోల్టులకు పైగా డీసీగా మారి పెద్ద కెపాసిటర్లలో నిలవ ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కొంతసేపు ఉండగలదు. దాన్ని బయటినుంచి బ్రష్షుతో శుభ్రం చేసి, ఫ్యాను సరిగా తిరగకపోతే మొత్తం మార్చెయ్యడమే క్షేమం. బోర్డు మీదా సప్లైలోనూ చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే ఈ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లే వేడికి నిజంగా వయసు మీరేవి. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్, ఇంజనీర్ల వాడుక లెక్క ప్రకారం, ప్రతి పది డిగ్రీలు తగ్గినప్పుడల్లా రెట్టింపు కాలం బతుకుతుంది. చుట్టూ 75 డిగ్రీలుంటే 16,000 గంటలు. రోజుకు ఎనిమిది గంటల వాడకానికి అయిదున్నర ఏళ్లు. 65 ఉంటే పదకొండేళ్లు. క్యాబినెట్ లోపలి గాలిని పది డిగ్రీలు దించడం అంటే ఏమిటో ఈ లెక్క చెబుతుంది. వాటి తలలు ఉబ్బి, గోధుమరంగు జిగురు కారుతుంటే మాత్రం బ్రష్షులూ పేస్టులూ పనికిరావు. మంచి టెక్నీషియన్ దొరికితే కెపాసిటర్లు మార్పించాలి, దొరక్కపోతే బోర్డుకు సెలవివ్వాలి.

కొత్తది కొనమనే సలహా ఎప్పుడూ తప్పని నేను అనడం లేదు. 2004లో ప్రెస్కాట్ పేరుతో వచ్చిన పెంటియం 4 రకాల్లో కొన్నిటి ఉష్ణ లెక్క 115 వాట్లు; రెండేళ్ల తర్వాత వచ్చిన కోర్ 2 డ్యుయో 65 వాట్లతోనే దానికంటే ఎంతో ఎక్కువ పని చేసింది. అలాంటి పెంటియం 4 ఇంకా ఎవరి ఇంట్లోనైనా ఉంటే దాన్ని చల్లబరచడానికి శ్రమపడనక్కర్లేదు, అది పుట్టుకతోనే వేడి యంత్రం. కానీ అక్కడ కూడా దోషం తయారీ రూపకల్పనది, గడిచిన ఏళ్లది కాదు. కోర్ 2 డ్యుయో నుంచి ఇటు వచ్చినవాటికి ఆ తీర్పు వర్తించదు.

దారి తెరిచాక పుట్టే వేడిని తగ్గించే మార్గాలూ ఉన్నాయి, అయితే వాటి వంతు రెండోదే. ఈ యంత్రాల్లో చాలావాటికి నేడు పడే పెద్ద బరువు యూట్యూబ్. ఐ5-2400లో హెచ్.264 రకం వీడియోను విప్పడానికి ప్రత్యేకమైన భాగం ఉంది. వీపీ9, ఏవీ1 రకాలకు లేదు. యూట్యూబ్ ఈ కొత్త రకాలనే ముందుకు తోస్తుంది కాబట్టి, ఒక ప్రవచనమో వంట వీడియోనో చూస్తున్నా ప్రాసెసర్ ఆ పనంతా ఒంటిచేత్తో చెయ్యాల్సి వచ్చి, ఫ్యాను హోరెత్తుతుంది. హెచ్264ఇఫై (h264ify) లాంటి చిన్న ఎక్స్‌టెన్షన్ బ్రౌజర్‌లో వేస్తే పాత రకం వీడియోనే వస్తుంది, ఫ్యాను చప్పుడు అప్పటికప్పుడు తగ్గడం చెవికే తెలుస్తుంది. విండోస్ వాడేవాళ్లు పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100కు బదులు 99 శాతం పెడితే టర్బో (బరువు పడినప్పుడు మామూలు వేగాన్ని మించి పరుగెత్తే ఏర్పాటు) ఆగిపోతుంది; వేగంలో కోల్పోయేది స్వల్పం, వేడిలో తగ్గేది అంతకంటే ఎక్కువ, ఎందుకంటే టర్బోలో వేగంతోపాటు వోల్టేజీ కూడా పెరుగుతుంది, వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

ఒక మాట మన వడ్రంగుల గురించి కూడా. కంప్యూటర్ బల్ల చేయించుకున్నప్పుడు క్యాబినెట్ కోసం కింద ఒక గూడు పెడతారు. చాలా ఇళ్లలో దానికి వెనక చెక్క, ముందు తలుపు కూడా ఉంటాయి, చూడ్డానికి ముచ్చటగా. వెనక ఫ్యాను తోసిన వేడిగాలి ఆ చెక్కకు కొట్టుకుని చుట్టూ తిరిగి ముందునుంచి మళ్లీ లోపలికే పోతుంది. గది వేడి అని మనం గోడ మీద కొలిచేది 32 అయితే, కంప్యూటర్ పీలుస్తున్న గాలి 40 కూడా ఉండొచ్చు. వెనక చెక్కను రంపంతో కోసి తీసెయ్యడం ఇందాక చెప్పిన పనులన్నిటికంటే తేలిక. అది కుదరకపోతే క్యాబినెట్‌ను ఆ గూట్లోంచి తీసి, నేలకు జానెడు ఎత్తున, గోడకు ఎడంగా, సముద్రం వైపు కిటికీకి నేరుగా ఎదురుపడకుండా ఒక చిన్న పీట మీద పెట్టుకోవచ్చు.

ఎప్పుడు విప్పాలన్నదానికి నెలల లెక్క పెట్టుకోవడం కంటే డిగ్రీల లెక్క పెట్టుకోవడం నాకు నచ్చింది. లాసన్స్ బేలో ఉన్నవాళ్లకూ సముద్రానికి దూరంగా గోపాలపట్నంలో ఉన్నవాళ్లకూ ఒకే గడువు ఎలా సరిపోతుంది? సంక్రాంతికి ఇల్లు దులిపే రోజుల్లో మన గాలిలో తేమ కూడా తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ సమయంలో ఒకసారి పూర్తి పనిలో వేడి కొలిచి, గది వేడి తీసేసి, వచ్చిన అంకెను క్యాబినెట్ లోపలి వైపు పెన్సిల్‌తో రాసి ఉంచుతాను. ఆ తేడా 50 దాటితే గుంజలు విప్పుతాను. దాటకపోతే ముందు జాలీ ఉతికి పెట్టి తలుపు మూసేస్తాను.